ఆసా గ్రే పండితుని ముప్పదితొమ్మిదేండ్ల అన్వేషణ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, న్యూయార్కు రాష్ట్రమున, సాక్వాయిట్ అను చిన్న పల్లె కలదు. ఆ పల్లెలో 1810వ సంవత్సరము నవంబరు 18వ తేదీన ఆసా గ్రే జన్మించెను. తండ్రి తోళ్ళు పదును చేయు వృత్తిలో నుండెడివాడు. ఎనమండుగురు బిడ్డలలో ఆసా పెద్దవాడు. తోళ్ళ పదునునకు చెట్ల పట్టను పొడి చేయవలెను. మన పల్లెలలో నూనె గానుగకు ఎద్దును కట్టినట్లే అచ్చట పట్ట గానుగకు గుఱ్ఱమును కట్టుదురు. ఆ ముసలి గుఱ్ఱమును తోలుచు, గానుగలో పట్ట వేయుచు ఆ బాలుడు తన చిన్నతనమున కొంత భాగమును గడపెను. ఆ పని కంటె పుస్తకముపై వానికి మక్కువ యెక్కువ. అది గ్రహించి తండ్రి పెద్ద కుమారుని గానుగ నుండి విడిపించి, ఫేర్‌ఫీల్డు అను ఊరి పాఠశాలకును, పిదప అచ్చటి వైద్య కళాశాలకును పంపెను.

వైద్యమునకై చదువుచుండిన ఆ దినములలో, 1827-28 శీతకాలమున, ఎడింబరో విజ్ఞానసర్వస్వ సంపుటమొకటి ఆతని చేతికి వచ్చెను. అందు వృక్షశాస్త్రమును గూర్చిన వ్యాసము నొకదానిని చదివెను. చదివినవాడు ఊరకుండలేదు. అమాస్ ఈటన్ పండితుడు వ్రాసిన మొక్కల గుర్తింపు గ్రంథమును కొనెను. కాని బయట నంతయు మంచు. ఒక్క పువ్వైనను లేదు. వసంతము కొఱకు వేచియుండి, మంచు కరగగనే బయలుదేరి, కంటబడిన మొదటి పువ్వును చేతబట్టుకొని, పుస్తకము నెదుట నుంచుకొని, దాని పేరు తానే తెలిసికొనెను. అది క్లేటోనియా అను చిన్న వసంత పుష్పము. గురువు లేడు, చెప్పువాడు లేడు. పుస్తకము, పువ్వు, తాను. 1831లో వైద్య పట్టము వచ్చెను గాని వైద్యమున మనసు నిలువలేదు. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఎవరి చరిత్ర వ్రాయుదునా యని యోచించినప్పుడు నాకు ఆసా గ్రే తోచుటకు ఆ విజ్ఞానసర్వస్వ వ్యాసమే కారణము. బీరువాలో నున్న యే సంపుటమును ఎవ్వరు, ఎప్పుడు తెఱతురో, తెఱచినవాడు ఎచ్చటికి పోవునో గ్రంథపాలకునకు తెలియదు గదా.

న్యూయార్కు నగరమున జాన్ టొరే అను రసాయనశాస్త్ర బోధకు డుండెను. వృత్తి రసాయనము, ప్రాణము వృక్షశాస్త్రము. ఆయన గ్రేను చేరదీసెను. ఉత్తర అమెరికా ఖండమున నున్న మొక్కల నన్నింటిని వర్ణించు మహాగ్రంథ మొకటి వ్రాయవలెనని గురుశిష్యు లిరువురును పూనుకొనిరి. పని మొదలిడగనే చిక్కు వచ్చినది. అమెరికా మొక్కలను అంతకు మునుపు సేకరించినవారు పెక్కుమంది ఐరోపావారు. వారు ఆరవేసి, కాగితములకు అంటించి, పేర్లు పెట్టిన మొక్కలు లండనులోను, పారిస్‌లోను ఉన్నవి. భూమి తగాదాలో మూల దస్తావేజు ఎట్టిదో, వృక్షశాస్త్రమున మొదటిసారి వర్ణింపబడిన ఆ ఎండు మొక్క యట్టిది. దానిని చూడనిదే ఈ మొక్క ఆ మొక్కయే యని రూఢిగా చెప్పుటకు వీలులేదు.

అదృష్టవశమున 1838లో మిషిగన్ విశ్వవిద్యాలయమువారు గ్రేను ఆచార్యునిగా నియమించి, తమ గ్రంథాలయమునకు పుస్తకములు కొనుటకై 5,000 డాలర్లు ఇచ్చి ఐరోపాకు పంపిరి. (ఆ విశ్వవిద్యాలయమున ఆయన ఒక్క పాఠమైనను చెప్పలేదు. అది వేఱు కథ.) పుస్తకములు కొనుచునే ఆయన ఊరూర నున్న ఎండు మొక్కల సంగ్రహములను పరిశీలించెను. 1839 వసంతమున పారిస్ చేరి, అచ్చటి వస్తు ప్రదర్శనశాలలో ఆండ్రే మిషో సేకరించిన మొక్కల నొక్కొక్కటిగా తిరుగవేయసాగెను.

ఈ మిషో ఎవరో చెప్పవలెను. ఫ్రాన్సు రాజైన 16వ లూయీ, తన దేశమున నాటదగిన చెట్లను తెచ్చుటకై 1785లో అమెరికాకు పంపిన సేకరణకర్త ఆయన. చార్లెస్టన్ పట్టణము చెంత తోట వేసికొని, అచ్చటి నుండి కరొలీనా కొండలలోనికి గుఱ్ఱముపైనను, కాలినడకను పోవుచుండెను. ఇంచుమించు ఆ కాలముననే మన సామర్లకోటలో రాక్స్‌బర్గు దొర కోరమాండల్ తీరపు మొక్కలను సేకరించుచు, వాటి తెలుగు పేర్లను గూడ వ్రాసికొనుచుండెను. మిషో 1788 డిసెంబరులో కియోవీ నది తలాపున సంచరించుచు, నదికి చేరువనే కొండవాలున రంపపు పండ్ల వంటి అంచులు గల ఆకులతో ప్రాకిన క్రొత్త మొక్క నొకదానిని గూర్చి తన దినచర్యలో వ్రాసికొనెను. 1796లో ఫ్రాన్సునకు తిరిగి పోవునప్పుడు ఆయన యెక్కిన ఓడ హాలెండు తీరమున బ్రద్దలయ్యెను. మొక్కలలో చాలభాగము దక్కినవి. పిమ్మట 1802లో మడగాస్కర్ ద్వీపమున ఆయన మరణించెను. మఱునాటి సంవత్సరము ఆయన పేర వెలువడిన అమెరికా వృక్ష గ్రంథమున ఈ మొక్క ప్రసక్తి లేదు.

అట్లు విడువబడిన మొక్కయే గ్రే కంట పడినది. పేరు తెలియని వాటిలో నున్నది. గుండ్రని ఆకులు కొన్ని, ఎండిన కాయ యొకటి. పువ్వు లేదు. కరొలీనా ఎత్తయిన కొండలలో దొరికినదని మాత్రము చీటీలో నున్నది. గ్రే వయస్సు అప్పటికి 28 ఏండ్లు. ఆకులను చూచిన, గేలాక్స్ అను మఱియొక కొండ మొక్క ఆకులవలె నున్నవి. కాయను చూచిన, గేలాక్సు కాదు.

ఇచ్చట వర్గీకరణమనగా నేమో కొంచెము తెలిసికొనుట యవసరము. మొక్కకు రెండు మాటల పేరుండును. మొదటిది ఇంటిపేరు వంటిది. దానిని ప్రజాతి యందురు. రెండవది ఆ మొక్కకే చెందిన పేరు. అది జాతి. క్రొత్త మొక్క దొరకినప్పుడు సాధారణముగా తెలిసిన ప్రజాతిలో క్రొత్త జాతిగా చేర్చుదురు. క్రొత్త ప్రజాతినే కల్పించుట యనగా ఈ మొక్కకు ఇంతవఱకు ఎఱిగిన యిండ్లలో ఏ యింటిపేరును చెల్లదని చెప్పుట. పైగా లిన్నేయసు నాటినుండి మొక్కల బంధుత్వమును పువ్వును బట్టియే ముఖ్యముగా నిర్ణయించుచుండిరి. పువ్వును చూడకుండ, ఒక్క కాయను, నాలుగు ఆకులను పట్టుకొని క్రొత్త ప్రజాతిని ప్రకటించుట సాహసమే. తప్పైనచో యౌవనమందున్న పండితుని మాటకు విలువ యుండదు. గ్రే ఆ సాహసము చేసెను. కెంటకీ రాష్ట్రమున నున్న వృక్షశాస్త్రవేత్త, వైద్యుడు నగు ఛార్లెస్ షార్టు పేర దానికి షార్టియా యనియు, గేలాక్సు వంటి ఆకులు గలది గావున గేలాసిఫోలియా యనియు పేరుంచి, టొరేతో కలసి 1842లో ప్రకటించెను.

ప్రకటించుటకు ముందే వెదకుట మొదలయ్యెను. 1841 వేసవిలో గ్రే మిత్రులతో కరొలీనా కొండలకు పోయెను. గ్రాండ్‌ఫాదర్, రోన్ అను శిఖరము లెక్కెను. కొత్త మొక్కలు చాల దొరకినవి. షార్టియా దొరకలేదు. 1843లో సలివెంటు అను మిత్రునితో మఱల పోయెను. అప్పుడును లేదు. పిదప ఆ కొండలకు ఎవరు పోయినను ఈ మొక్కను చూడుడని కోరుచుండెను. పోయి వచ్చినవారిని మొదట అడుగు ప్రశ్న అదియే. సంవత్సరములు గడచినవి. ఎవ్వరును చూడని మొక్క, ఒక్క కాగితముపై మాత్రమే యున్న మొక్క, నిజముగా నున్నదా యను సందేహము పుట్టుట సహజమే గదా. ఎవరి పేర ఆ మొక్క వెలసినదో ఆ షార్టు 1863లో కాలధర్మము నొందెను. తన పేరు గల పువ్వును ఆయన చూడనేలేదు.

ఇంతలో గ్రే జీవితము మఱియొక దారిలో విస్తరించెను. 1842లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆచార్య పదవి లభించెను. 1848లో జేన్ లోరింగును వివాహమాడెను. వారికి సంతానము లేదు. ఆ యేడే ఉత్తర ప్రాంతపు మొక్కల గుర్తింపు గ్రంథము వెలువడెను. అది పునర్ముద్రణములు పొందుచు తరతరముల విద్యార్థులకు కరదీపిక యయ్యెను. దేశమున ఏ మూల ఏ దండు సాగినను, ఏ రైలు దారికి కొలతలు వేసినను, అచ్చటి మొక్కలు కట్టలు కట్టలుగా కేంబ్రిడ్జిలోని ఆయన యింటికి వచ్చుచుండెను. 1864లో తన 2 లక్షల ఎండు మొక్కలను, 2,200 గ్రంథములను విశ్వవిద్యాలయమునకు దానము చేసెను. చార్లెస్ డార్విన్ 1857లో తన పరిణామ సిద్ధాంతమును సంగ్రహముగా వ్రాసి పంపినది ఈయనకే. గ్రే దైవభక్తి గల క్రైస్తవుడు. అయినను అమెరికాలో డార్విన్ పక్షమున నిలిచి వాదించినవారిలో అగ్రగణ్యుడాయనయే. ఈ సంగతులను విపులముగా వ్రాసిన సంచిక చాలదు.

ఒక్క విషయము మాత్రము మన కథకు సంబంధించినది. అమెరికా తూర్పు భాగపు మొక్కలకు దగ్గఱి చుట్టములు పొరుగున నున్న పడమటి తీరమున గాక, సముద్రముల కావల జపానులో నుండుట ఆయన గమనించెను. 1859లో ఆ సంగతిని పెద్ద వ్యాసముగ ప్రకటించెను. ఒకప్పుడు ఉత్తర భూభాగమంతయు ఒకే అడవి వంటిదియై, శీతలయుగమున నడుమ తెగిపోయి, అటు కొంత యిటు కొంత మిగిలినదని ఆయన యూహ. షార్టియాకు గూడ జపానులో సోదరి యున్నట్లు తేలినది. రష్యా పండితుడు మాక్సిమోవిచ్ వర్ణించిన జపాను మొక్క యది. అట్టి ఆధారములతో 1870లో గ్రే, డయపెన్సియా కుటుంబమును తిరిగి కూర్చి, అందు షార్టియాకు చోటిచ్చెను. అప్పటికిని ఆయన షార్టియా పువ్వును చూచి యుండలేదు! పెండ్లికూతును చూడకయే గోత్రము నిర్ణయించినట్లున్నది.

ఉత్తర కరొలీనాలో స్టేట్స్‌విల్ అను ఊర మందు మూలికలను కొని దేశదేశములకు పంపు వాలేస్ సోదరుల పెద్ద దుకాణముండెను. అందు మూలికల వ్యవహారము చూచుచుండినవాడు మార్డికై హయమ్స్. ఆయన కుమారుడు జార్జి. 1877 మే నెలలో, మేరియన్ అను ఊరి చెంత కటాబా నది యొడ్డున, 17 ఏండ్ల ఆ కుఱ్ఱవాడు తానెఱుగని చిన్న మొక్కను చూచి పీకి తెచ్చి తండ్రి కిచ్చెను. తండ్రికిని దాని పేరు తెలియలేదు. తెలియని దానిని పాఱవేయక ఆరబెట్టి దాచెను. అదియే మేలయినది. ఏడాది దాటిన పిదప, 1878లో, రోడ్ ఐలండున నున్న కాంగ్డన్ అను వృక్షశాస్త్ర ప్రియునకు పంపెను. ఆయనకు అనుమానము తట్టి గ్రేకు వ్రాసెను.

మొక్క కేంబ్రిడ్జి చేరెను. ఈ మాఱు పువ్వున్నది. గంటవలె విచ్చిన తెల్లని పువ్వు, ఒంటి కాడకు ఒక్కటి, రేకుల అంచులు సన్నగా కత్తిరించినట్లు. కేసరముల అమరిక మొదలగునవి 1870లో గ్రే చెప్పిన కుటుంబమును నిలబెట్టినవి. పారిస్‌లో ఆ ఎండు మొక్కను చూచి 39 ఏండ్లయినది. గ్రేకు 68వ యేడు నడచుచున్నది. ఆ యేడే ఫ్రాన్సు దేశపు విజ్ఞాన పరిషత్తు ఆయనను తమలో చేర్చుకొని గౌరవించినది. దానికన్న ఈ మొక్క తనకు నూఱు రెట్లు ఆనందమిచ్చినదని ఆయన మిత్రునకు వ్రాసెను. అమెరికా విజ్ఞాన పత్రికలో షార్టియా తిరిగి దొరకినదని ప్రకటించెను. 1879లో భార్యతోను, సార్జెంటు, కాన్బీ, రెడ్‌ఫీల్డు అను మిత్రులతోను బయలుదేరి కటాబా యొడ్డునకు పోయి, నేలపై పెరుగుచున్న షార్టియాను చూచెను.

ఇన్నాళ్ళు ఏల దొరకలేదు? గ్రే శిఖరములపై వెదకెను. మొక్క శిఖరములపై లేదు. కొండ మొదళ్ళలో, నీడ గల వాగుల గట్లను అంటి యున్నది. పారిస్ చీటీలోని ఎత్తయిన కొండలను మాట దారి తప్పించినది. మఱియొకటి. ఆ మొక్క మార్చి, ఏప్రిల్ నెలలలోనే పూచును. కొండ దారులు ఎండి, పండితులు బయలుదేరు వేసవినాటికి పువ్వు రాలి, గుండ్రని ఆకులు మాత్రమే మిగులును. ఆ అడవులలో గేలాక్స్ ఆకులు కోకొల్లలు. వాటి నడుమ దీని నెవడు గుర్తించును?

1885 నవంబరున గ్రేకు 75 ఏండ్లు నిండినప్పుడు అమెరికా వృక్షశాస్త్రజ్ఞులు 180 మంది చేరి వెండి కలశము నొకదానిని బహూకరించిరి. ఆయన జీవితముతో ముడివడిన మొక్కలను దానిపై చెక్కించిరి. షార్టియా వాటిలో ఒకటి.

అంతటితో కథ ముగియలేదు. హయమ్స్ కుఱ్ఱవానికి దొరకినది కటాబా నది యొడ్డున. మిషో తెచ్చినది మఱియొక చోటినుండి. ఆ చోటు ఏది? 1886 శరత్కాలమున సార్జెంటు, మిషో దినచర్యను చేతబట్టుకొని వేఱొక చెట్టును వెదకుచు కియోవీ నది తలాపునకు పోయెను. వెదకిన చెట్టు మాట యటుంచి, షార్టియా ఆయనకు దొరకెను. మిషో తిరిగిన ఆ నేల, మేరియనుకు నైరృతిగా ఇంచుమించు 70 మైళ్ళ దూరమున నున్నది. మఱుసటి వసంతమున అచ్చటి మొక్కలు పూచునప్పటికి గ్రే ఐరోపా ప్రయాణమున నుండెను. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి, ఎడింబరో విశ్వవిద్యాలయములు ఆయనకు పట్టములిచ్చినవి. ఇల్లు చేరిన కొలది వారములకే, నవంబరులో, పక్షవాతము వచ్చెను. 1888 జనవరి 30వ తేదీన ఆసా గ్రే దివంగతుడయ్యెను. మిషో తిరిగిన గట్టును ఆయన చూడలేదు.

1952లో డేవీస్ అను శాస్త్రజ్ఞుడు రెండు చోట్ల మొక్కలను పోల్చి చూచెను. కటాబా మొక్కల పువ్వులో కీలము, అనగా అండాశయముపై లేచిన సన్నని కాడ, కియోవీ మొక్కలలో కంటె పొట్టిగ నున్నది. అందుచే కటాబా మొక్కను షార్టియా గేలాసిఫోలియాలోనే పొట్టి కీలపు భేదముగా ప్రత్యేకించెను. మన రైతులకు ఈ పద్ధతి క్రొత్త కాదు. అక్కుళ్ళని, మొలగొలుకులని పంటలో ఎన్ని తేడాలు చెప్పినను అన్నియు వరియే. తేడా ఎంత దాటిన భేదము గాక వేఱు జాతి యగును? దీనికి కొలబద్ద లేదు. పండితులలోనే అభిప్రాయభేదము లుండును. ఒక మొక్క యెడ తేడా చిన్నదైనను ఎచ్చటను తప్పక కనబడుచున్నచో, రెండును కలియక దూరదూరముగ చిరకాలము బ్రదుకుచున్నచో, వేఱు జాతి యనువారి వాదమునకు బలము కలుగును. షార్టియా భూమిలోని కాడలతో మెల్లగా ప్రాకు మొక్క. ఒక వాగు దాటి ఇంకొక వాగునకు పోవుటయే దానికి గగనము. 2019లో గేడీ మొదలగు శాస్త్రజ్ఞులు కటాబా మొక్కను షార్టియా బ్రెవిస్టైలా అను ప్రత్యేక జాతిగా ప్రకటించిరి.

ఇందువలన తేలినదేమనగా, గ్రే పారిస్‌లో చూచి పేరుపెట్టినది ఒకటి. నలువది యేండ్ల పిమ్మట కటాబా యొడ్డున మోకరిల్లదగినంత సంతోషముతో చూచినది దాని చెల్లెలు. ఇది గ్రే చేసిన పొరపాటని నేననుకొనను. ఆయన చేతిలో నున్న ఒక్క కాయతో అంతకంటె చెప్పుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ప్రజాతి క్రొత్తది యని ఆయన చెప్పిన మాట నేటికిని చెక్కుచెదరలేదు.

పేరు వేఱగుటలో లోకమునకు లాభమేమని అడుగువారుందురు. లాభము కలదు. 1973లో దక్షిణ కరొలీనాలో విద్యుత్తు కొఱకు ఆనకట్ట కట్టగా జొకాసీ అను జలాశయము ఏర్పడినది. మిషో తిరిగిన వాగులు పెక్కు ఆ నీట మునిగినవి. వాటి గట్లపైని షార్టియా తివాచీలును మునిగినవి. నీటికి పైన మిగిలిన గట్లపై నేటికిని ప్రతి వసంతమున తెల్లని గంటలు పూచుచున్నవి. కటాబా మొక్క అంతకన్నను చిన్న తావున, ఆ నది తలాపు వాగులలో మాత్రమే కలదు. అది భేదమే యనుకొన్నంత కాలము, ఇచ్చట పోయిన అచ్చట కలదు గదా యని తలపోయుటకు వీలుండెను. జాతియే వేఱయినప్పుడు ఆ మాట చెల్లదు. మిషో ఎండబెట్టిన ఆకులును, ఆ యొక్క కాయయు పారిస్‌లో భద్రముగ నున్నవి.